వింత బండ్లు: మా షెడ్డుకొచ్చే వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

నెల్లూరులో మాది లారీ బాడీలు కట్టే షెడ్డు. నాన్న కట్టెతో కట్టేవాడు, నేను ఇనుముతో కడతా ఉండా. ప్రపంచంలో యాడెక్కడో తిరిగిన వింత బండ్ల ఫొటోలు దాచుకోవడం నాకు చిన్నప్పటి నుంచి పిచ్చి, గోడకి అతికించినవి చూసి డ్రైవర్లు, క్లీనర్లు, ఎదురుగా ట్యూషన్‌కొచ్చే పిల్లలు అందరూ అడిగేవి అవే డౌట్లు. ప్రతిసారీ నోటితో చెప్పేదానికన్నా ఒకచోట రాసిపెడితే మేలని ఇది రాసినా. ఎవరికి కావాల్సిన ప్రశ్న వాళ్ళు చూసుకోవచ్చు, వరసగా చదవాల్సిన పని లేదు.

## ఫోన్‌లో ఫొటో వచ్చినప్పుడు

అన్నా, ఈ ఫొటో నిజమేనా, కంప్యూటర్‌లో చేసిందా, ఎట్లా తెలుస్తాది?

నేనైతే ముందు చక్రాలు చూస్తా. టైరు నేలని తాకేచోట బరువుకి కొంచెం అణిగి ఉండాలి, దాని నీడ బండి నీడతో కలవాలి. కంప్యూటర్ బొమ్మలో టైరు గాల్లో తేలతా ఉన్నట్టు ఉంటాది. తర్వాత నంబర్ ప్లేటు, అక్షరాలు గజిబిజిగా ఉంటే అనుమానపడండి. మూడోది, డ్రైవర్ యాడ కూర్చుంటాడు, వాడికి రోడ్డు కనపడతాదా, ముందు చక్రం తిరగడానికి బాడీలో చోటు వదిలినారా? నిజంగా కట్టిన వాడు డ్రైవర్ చోటు, చక్రం తిరిగే చోటు చూసుకోకుండా కట్టడు. బొమ్మ గీసేవాడికి ఆ అవసరం లేదు.

కార్లన్నీ కిందనుంచి దూరిపోయే చైనా బస్సు నిజంగా తిరుగుతా ఉందా?

తిరగట్లేదు, కానీ ఫొటో మాత్రం అబద్ధం కాదు. 2016 ఆగస్టులో చైనాలోని చిన్‌హ్వాంగ్‌డావ్‌లో రోడ్డుకి రెండు పక్కలా పట్టాలేసి, సుమారు 300 మీటర్ల దూరం నడిపి చూపించినారు. తర్వాత ముందుకు పోలేదు, 2017లో పట్టాలు పీకేసినారు, జనం దగ్గర అక్రమంగా డబ్బులు వసూలు చేసినారని ఆ ప్రాజెక్టు వెనకున్న వాళ్ళని పోలీసులు పట్టుకున్నారు. ఇప్పటికీ "కొత్త టెక్నాలజీ" అని ఆ వీడియో గ్రూపుల్లో తిరగతానే ఉంది.

వంకాయ కారు, క్రికెట్ బంతి కారు అంటారే, అవి బొమ్మలా, నడుస్తాయా?

నడుస్తాయి. అవి మన తెలుగు మనిషి చేసినవే. హైదరాబాద్ బహదూర్‌పురాలో జూ పార్కు దగ్గర సుధా కార్స్ మ్యూజియం ఉంది, కె. సుధాకర్ గారిది. వంకాయ, షూ, బర్గర్, కెమెరా, బాత్‌రూమ్ కమోడ్ ఆకారాల్లో కార్లు కట్టినారు, ఇంజన్ లోపల దాచి నడిచేటట్టే కట్టినారు. 41 అడుగుల పైన ఎత్తున్న మూడు చక్రాల సైకిల్ కట్టి 2005లో గిన్నిస్ రికార్డు కూడా తీసుకున్నారు. నేను పిల్లల్ని తీసుకుని పోయినప్పుడు జనం అందరూ ముందుకి నిలబడి సెల్ఫీలు తీసుకుంటా ఉంటే, నేను కిందికి వంగి రేకు వంపు యాడ అతుకేసినారో వెతికినా. రేకుని గుండ్రంగా తిప్పడం ఎంత కష్టమో సుత్తి పట్టినోడికి తెలుస్తాది, వంకాయలాంటి వంపు ఒక దెబ్బ ఎక్కువ పడితే పోతాది.

స్విమ్మింగ్ పూల్, హెలిప్యాడ్ ఉన్న పొడుగు కారు నిజమేనా?

నిజమే. పేరు అమెరికన్ డ్రీమ్, 1986లో కాలిఫోర్నియాలో జే ఓర్‌బర్గ్ అనే ఆయన కట్టించినాడు. ముందు 60 అడుగులు, తర్వాత 100 అడుగులకి పెంచినాడు, 26 చక్రాలు. ఏళ్ళ తరబడి మూలపడి తుప్పుపట్టింది, మళ్ళీ బాగుచేసి 2022లో 30.54 మీటర్లతో రికార్డుకెక్కించినారు. రోడ్డు మీద మలుపు తిరగలేదు కాబట్టి చూపించడానికే.

బంగారంతో చేసిన నానో కారుని ఎవరు కొన్నారు?

అది అమ్మకానికి పెట్టింది కాదు. 2011లో నగల ప్రచారం కోసం నానో కారు మీద బంగారం, వెండి, రాళ్ళు తాపడం చేసి ఊరూరా చూపించినారు.

## ఎందుకట్లా చేశారు

ముందు నుంచి తలుపు తెరుచుకునే గుడ్డు కారు ఏంది, పక్కన తలుపు పెట్టలేరా?

దాని పేరు ఇసెట్టా. ఇటలీలో ఫ్రిజ్‌లు, స్కూటర్లు చేసే ఐసో కంపెనీ 1953లో తెచ్చింది. చూడండి, ఫ్రిజ్ తలుపులాగే ముందు మొత్తం ఒకటే తలుపు! రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి జనం దగ్గర డబ్బుల్లేవు, కారు కొనలేరు, స్కూటర్ మీద పోతే వాన, చలి. అందుకని స్కూటర్‌కి గూడు కట్టినట్టు కట్టినారు. పొడుగు తక్కువ కాబట్టి ఫుట్‌పాత్‌కి ఎదురుగా నిలువునా పార్కింగ్ చేసి, ముందు తలుపు తీసి నేరుగా ఫుట్‌పాత్ మీద కాలు పెట్టొచ్చు. తలుపు తీస్తే స్టీరింగ్ కూడా దాంతోపాటే బయటికి వస్తాది, రాడ్‌కి జాయింట్ పెట్టినారు. నాకు ఆ జాయింట్ ఫొటో చూసినప్పుడల్లా చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తాది.

జర్మనీలో బీఎండబ్ల్యూ దీని లైసెన్స్ కొని 1955 నుంచి తమ మోటర్‌సైకిల్ ఇంజన్ పెట్టి చేసింది, 1962 దాకా 1,60,000 పైగా అమ్మింది. ఇవాళ కోట్ల రూపాయల కార్లు చేసే కంపెనీకి ఆ కష్టకాలంలో ఊపిరి పోసిన బండ్లలో ఇదొకటి. బ్రిటన్‌లో ఇదే కారుని మూడు చక్రాలతో అమ్మినారు, ఎందుకంటే అక్కడ మూడు చక్రాల బండికి పన్ను తక్కువ, మోటర్‌సైకిల్ లైసెన్స్ చాలు. ఏ వింత బండి చూసినా నేను మొదట అడిగేది ఇదే: దీనికి ఏం కష్టం వచ్చి ఇట్లా అయింది? అది దొరికితే ఆకారం మొత్తం అర్థమైపోతాది.

విమానం మూత పెట్టిన మూడు చక్రాల కారు ఎవరిది, దానికి రివర్స్ గేర్ లేదంటారే?

మెసర్‌ష్మిట్ కంపెనీది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫైటర్ విమానాలు చేసిన వాళ్ళు, జర్మనీ ఓడిపోయాక విమానాలు చేయకూడదన్నారు. ఫ్యాక్టరీ ఉంది, పనోళ్ళు ఉండారు, పని లేదు. ఫ్రిట్జ్ ఫెండ్ అనే ఇంజనీరు యుద్ధంలో కాళ్ళు పోయిన వాళ్ళ కోసం చిన్న మూడు చక్రాల బండి చేసినాడు, దాన్నే పెద్దది చేసి 1953లో కేఆర్ 175, 1955లో కేఆర్ 200 తెచ్చినారు. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి, మూత పక్కకి తెరుచుకుంటాది. కేఆర్ 200లో రివర్స్ గేరంటూ విడిగా ఉండదు, అది టూ స్ట్రోక్ ఇంజన్ కాబట్టి బండి ఆపేసి తాళాన్ని ఇంకొంచెం లోపలికి నొక్కి స్టార్ట్ చేస్తే ఇంజనే వెనక్కి తిరుగుతాది. అంటే ముందుకి ఎన్ని గేర్లో వెనక్కీ అన్నే.

అన్నిటికన్నా చిన్న కారు ఎంత ఉంటాది?

పీల్ పీ50. బ్రిటన్ పక్కన ఐల్ ఆఫ్ మ్యాన్ అనే దీవిలో 1962 నుంచి 1965 దాకా చేసినారు. పొడుగు 137 సెంటీమీటర్లు, వెడల్పు 99, అంటే మన ఇంట్లో నవారు మంచం కన్నా పొట్టిది. 49 సీసీ ఇంజన్, ఒక తలుపు, ఒక హెడ్‌లైటు, ఒక మనిషి, ఒక సంచి. బరువు సుమారు 59 కిలోలు కాబట్టి రివర్స్ గేర్ పెట్టలేదు, వెనక హ్యాండిల్ ఉంది, దిగి సూట్‌కేసు లాగినట్టు లాక్కోవడమే.

పాతకాలం సైకిల్‌కి ముందు చక్రం మనిషంత ఎత్తుండేది, షోకు కోసమా?

షోకు కాదు. అప్పటికి సైకిల్‌కి చైన్ లేదు, పెడల్ నేరుగా ముందు చక్రానికే బిగించేవాళ్ళు. కాలు ఒక చుట్టు తిప్పితే చక్రం ఒక్క చుట్టే తిరుగుతాది, మరి దూరం పోవాలంటే చక్రం పెద్దది కావాల్సిందే. మనిషి కాలు ఎంత పొడుగుంటే అంత పెద్ద చక్రం. బ్రేక్ గట్టిగా పట్టినా, రాయి తగిలినా ముందుకి తలకిందులుగా పడేవాళ్ళు. 1885లో ఇంగ్లండ్‌లో జాన్ కెంప్ స్టార్లీ వెనక చక్రానికి చైన్ పెట్టిన సైకిల్ తెచ్చాక ఆ ఎత్తు సైకిళ్ళ పని అయిపోయింది.

కారు ముందర విమానం ఫ్యాన్ పెట్టినారు, అది నడిచేదేనా?

బాగానే నడిచింది. ఫ్రాన్స్‌లో మార్సెల్ లెయా చేసిన హెలికా అది, దాదాపు 30 చేసినారు. చక్రాలకి ఇంజన్ సంబంధమే లేదు, ఫ్యాన్ గాలిని లాగితే బండి పోతాది, కాబట్టి క్లచ్ లేదు, గేర్‌బాక్స్ లేదు. 1927లో ఒకటి గంటకి 171 కిలోమీటర్లు కొట్టింది. ఇబ్బంది ఏందంటే బజార్లో అంత ఫ్యాన్ ముందు పెట్టుకుని పోతే ఎదురొచ్చే వాడి గతేంది!

నీళ్ళలో, రోడ్డు మీద రెండిట్లో పోయే కారు మన పెన్నాలో దించొచ్చా?

జర్మనీలో చేసి 1961 నుంచి 1968 దాకా అమ్మిన ఆంఫీకార్ గురించి అడిగేవాళ్ళు చాలామంది. వెనక రెండు చిన్న ప్రొపెల్లర్లు, నీళ్ళలో మలుపు తిప్పడానికి ముందు చక్రాలే చుక్కాని. నీళ్ళలో గంటకి సుమారు 13 కిలోమీటర్లు, రోడ్డు మీద 112. అమెరికా ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ దగ్గర ఒకటి ఉండేది, టెక్సస్‌లో తన పొలానికి వచ్చిన అతిథుల్ని ఎక్కించుకుని వాలులో చెరువు వైపు పోతా "బ్రేకులు పడట్లేదు" అని అరిచేవాడంట, తీరా బండి నీళ్ళలో తేలేది.

పెన్నా సంగతికొస్తే, ఇసక తేలిన చోట దిగబడతాది, నీళ్ళున్న చోట వడి ఎక్కువ. ఇట్లాంటి బండి కదలని చెరువులకే. ఇంకోటి, నీళ్ళు తగిలే ప్రతి జాయింటుకీ గ్రీజు పెట్టుకుంటా ఉండాలి, లేకపోతే కింద రేకు తుప్పుకి పోతాది. మన రొయ్యల గుంటల దగ్గర తిరిగే బండ్లకి ఉప్పు గాలికే ఏ గతి పడతాదో రోజూ చూస్తా ఉండా.

రైలు తలకిందులుగా వేలాడతా పోతాదంట, యాడ?

జర్మనీలో వుప్పర్‌టాల్ ఊళ్ళో, 1901 నుంచి. ఊరు ఇరుకు లోయలో ఉంది, కింద పట్టాలేయడానికి చోటు లేదు, ఖాళీగా ఉన్నది నది మీద ఆకాశమొక్కటే. అందుకని 13 కిలోమీటర్ల దారిలో చాలా భాగం నది పైనే వేలాడదీసినారు. 1950లో సర్కస్ వాళ్ళు ప్రచారం కోసం టుఫీ అనే ఏనుగు పిల్లని ఎక్కిస్తే అది బెదిరి నదిలోకి దూకింది, దెబ్బలు పెద్దగా తగలకుండా బతికింది.

## పెద్ద బండ్లు

చీమకుర్తి క్వారీలో డంపర్లకన్నా పెద్దవి ఉండాయా?

చీమకుర్తి గ్రానైట్ లారీ పక్కన పోతుంటేనే మన బైకు ఊగుతాది, కానీ బెలారస్ దేశంలో చేసే బెలాజ్ 75710 వేరే లెక్క. 2013లో వచ్చింది, ఒక్క ట్రిప్పుకి 450 టన్నులు మోస్తాది. ఎనిమిది టైర్లు, ఒక్కో టైరు దాదాపు 4 మీటర్లు, అంటే మన ఇంటి స్లాబు కన్నా మూడడుగులు ఎత్తు. ఒక్కోటి 2300 హార్స్‌పవర్ ఉన్న రెండు డీజిల్ ఇంజన్లు ఉండాయి గానీ అవి చక్రాలు తిప్పవు, కరెంటు పుట్టిస్తాయి, ఆ కరెంటుతో మోటర్లు చక్రాల్ని తిప్పుతాయి. అంత బరువుకి మామూలు గేర్‌బాక్స్ నిలబడటం కష్టం.

శ్రీహరికోటలో రాకెట్‌ని లాక్కొచ్చే బండి, అమెరికా వాళ్ళ బండి ఒకటేనా?

పని ఒకటే, పద్ధతి వేరు. శ్రీహరికోట కేంద్రం షార్‌లో రెండో లాంచ్ ప్యాడ్‌కి రాకెట్‌ని పెద్ద బిల్డింగులో నిలబెట్టి బిగించి, కదిలే పీఠం మీద పట్టాల దారిలో నెమ్మదిగా తీసుకొస్తారు. అమెరికా కెనడీ స్పేస్ సెంటర్‌లో పట్టాలు లేవు, క్రాలర్ అనే బండి ఉంది. 1960ల్లో చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన అపోలో కోసం కట్టినారు, ఇప్పటికీ పనిచేస్తా ఉంది. ఒట్టి బండే దాదాపు 2,700 టన్నులు, మన కోత కోసే చైన్ మిషన్‌కి రెండు చైన్లుంటే దీనికి ఎనిమిది, ఒక్కో చైన్ పలక టన్ను దగ్గర. రాకెట్‌తో పోయేటప్పుడు గంటకి ఒకటిన్నర కిలోమీటర్ మాత్రమే, మనం నడిచినా దాటిపోతాం. ప్యాడ్ దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు వెనక జాకీలు పైకి లేపి రాకెట్‌ని నిట్టనిలువుగా ఉంచుతారు. దారిలో ఏటి గులకరాళ్ళు పరిచి ఉంటాయి, బరువుకి అవి నలిగి జరుగుతాయే గానీ చైన్ పట్టేయదు.

హైవే మీద రాత్రిపూట పోయే వంద చక్రాల ట్రైలర్ మలుపు ఎట్లా తిరుగుతాది?

వాటిని హైడ్రాలిక్ యాక్సిల్ అంటారు. కృష్ణపట్నం పోర్టు వైపు నుంచి ట్రాన్స్‌ఫార్మర్లు, పెద్ద పెద్ద ట్యాంకులు వేసుకుని పోతాయి. ఒకసారి కావలి దాటాక తెల్లారుజామున ఢాబా దగ్గర ఒకటి ఆగి ఉంటే డ్రైవర్‌ని అడిగి కింద దూరి చూసినా. ప్రతి యాక్సిల్‌కీ నూనె సిలిండర్ ఉంది, అన్నిటినీ పైపులతో కలిపినారు, ఒక చక్రం గుంతలో దిగితే ఆ నూనె పక్కదానికి పోయి బరువు అన్నిటి మీదా సమానంగా పడతాది. అందుకే అంత లోడున్నా రోడ్డు కుంగదు. మలుపులో ముందు చక్రాలే కాదు, అన్ని చక్రాలూ ఒక్కోటి ఒక్కో కోణంలో తిరుగుతాయి, వెనక ఒక మనిషి విడిగా స్టీరింగ్ చూసుకుంటా ఉంటాడు. ఇంకో పిల్లోడు చేతిలో కర్ర పట్టుకుని పక్కన నడుస్తా కరెంటు తీగలు లేపుతా ఉండాడు, అంత దూరమూ నడిచే వచ్చినాడంట. వాడి చెప్పులు అరిగి మడమ దగ్గర బొక్క పడి ఉంది. నా ఫొటోల్లో ఆ బండి ఉంది, వాడి ఫొటో కూడా తీసిపెట్టుకున్నా.

మట్టి తవ్వే మిషన్ ఊరు దాటి నడిచిపోయిందంట?

జర్మనీలో బ్యాగర్ 288. 13,500 టన్నులు. 2001లో ఒక బొగ్గు గని నుంచి ఇంకో గనికి 22 కిలోమీటర్లు మూడు వారాల పాటు నడిపించినారు. విప్పి మళ్ళీ బిగించేదానికన్నా అదే చవక.

## రంగులు, అలంకారం

ఇండియాలో హంస కారు ఉండేదంట, నిజమా?

నిజమే, నాకు అన్నిటికన్నా ఇష్టమైన బండి ఇది. 1910 ప్రాంతంలో కలకత్తాలో ఉండే రాబర్ట్ మాథ్యూసన్ అనే బ్రిటిష్ దొర ఇంగ్లండ్‌లో బ్రూక్ అనే కంపెనీకి ఆర్డర్ ఇచ్చి చేయించినాడు. ముందు పెద్ద హంస మెడ, కట్టెతో చెక్కింది. కళ్ళలో బల్బులు, ముక్కు తెరుచుకుని ఇంజన్ వేడి నీళ్ళ ఆవిరి బుస్సుమని చిమ్మేది, జనం పక్కకి తప్పుకోవాలని. వెనక నుంచి సున్నం నీళ్ళు వదిలేది, హంస రెట్ట వేసినట్టు! ఏనుగు లద్దెలు టైర్లకి అంటుకుంటాయని తుడవడానికి బ్రష్‌లు కూడా పెట్టినారు, అది మాత్రం మన రోడ్లని చూసి ఆలోచించిన పని. వీధుల్లోకి వస్తే జనం హడలిపోయి గోల గోల అయ్యింది. తర్వాత పంజాబ్‌లోని నాభా మహారాజా దగ్గరికి చేరింది, ఇప్పుడు నెదర్లాండ్స్‌లో హేగ్ నగరం లౌమన్ మ్యూజియంలో ఉంది.

మన తిరునాళ్ళలో స్వామి హంస వాహనం మోసినప్పుడు ఆ మెడ వంపు చూడండి. ఆ దొర ఏం చూసి ఆర్డర్ ఇచ్చినాడో గానీ నాకైతే ఆ కారు ఫొటోలో మన వాహనమే కనపడతాది.

జపాన్ లారీలకి అన్ని లైట్లు, ఫిలిప్పీన్స్ జీపులకి అన్ని రంగులు ఎందుకు?

జపాన్‌లో వాటిని డెకోటొరా అంటారు, ఉత్తరాన చేపలు తోలే లారీల దగ్గర మొదలైంది. రాత్రంతా ఒంటరిగా తోలే డ్రైవర్ తన బండిని ఇల్లులాగా చూసుకోవడం అది. ఫిలిప్పీన్స్ జీప్నీలేమో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా మిలిటరీ వదిలేసిన జీపులు, వెనక పొడిగించి ఎదురెదురు బెంచీలేసి మన షేర్ ఆటోల మాదిరి తిప్పినారు. పాకిస్తాన్‌లో లారీల మీద నెమళ్ళు, పూలు, పద్యాలు రాస్తారు. మన దగ్గర కూడా వెనక డోర్ మీద కమలం, ఆవు దూడ బ్రష్‌తో వేసే పెయింటర్లు ఉండేవాళ్ళు. మా షెడ్డుకి వచ్చే పెద్దాయన గీత గీసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు, గీత పూర్తయ్యాకే వదిలేవాడు. ఇప్పుడు అంతా స్టిక్కర్. దయచేసి కొత్త బండి కట్టించే ఓనర్లు ఒక్క డోరైనా చేత్తో వేయించండి.

చైతన్య రథం ఏ బండి?

పాత షెవర్లె వ్యాన్‌ని మార్చి చేయించింది. 1982లో ఎన్టీఆర్ రాష్ట్రమంతా దాని మీదే తిరిగినారు, హరికృష్ణ నడిపినారు. పైన నిలబడి మాట్లాడేటట్టు, లోపలే ఉండేటట్టు కట్టినారు. తర్వాత వచ్చిన ప్రచార రథాలకన్నిటికీ అదే మోడల్ అయ్యింది.

## మనం చేయించుకోవాలంటే

నా బండి ఆకారం మార్పిస్తే కేసు పెడతారా?

పెట్టొచ్చు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. తప్పుచేస్తే ఒక్కో మార్పుకి 5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. రంగు మారిస్తే ఆర్‌సీలో ఎక్కించుకోవాలి.

పెళ్ళి రథం కట్టిస్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఒప్పుకుంటాడా?

నేను చేసిన తప్పు చెప్తా. ఒక పాత వ్యాన్ మీద రెండు నెలలు కూర్చుని నెమలి కట్టినా, తల, మెడ, విప్పిన పురి అన్నీ వెల్డింగ్‌తో. ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి పోతే నెమలి రొమ్ము హెడ్‌లైటుకి అడ్డం వస్తా ఉంది, పురి రెండు పక్కలా బయటికి వచ్చింది, పాస్ చేయలేదు. ఆయన చెప్పింది న్యాయమే, ఎదురొచ్చే వాడికి మన లైటు కనపడకపోతే ప్రాణం పోతాది. మొత్తం కోసేసినా. అప్పటి నుంచి బండికి వెల్డింగ్ పెట్టను, బోల్టులతో విప్పే ఫ్రేమ్ చేసి ఇస్తా, పెళ్ళి మండపం దగ్గర బిగించుకుని ఊరేగింపు అయ్యాక విప్పేయాలి, ఊరేగింపుకి పోలీస్ పర్మిషన్ విడిగా తీసుకోవాలి.

కాళ్ళు పనిచేయని వాళ్ళకి స్కూటర్ పక్కన చక్రాలు పెట్టిస్తే అదీ తప్పేనా?

కాదు. చట్టమే దానికి దారి ఇచ్చింది. ముందుగా ఆర్టీవో దగ్గర అనుమతి తీసుకుని, పని అయ్యాక ఆర్‌సీలో రాయించుకోండి. రాయించుకోకపోతే యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది వస్తాది. ఈ పనికి మా షెడ్డులో మజూరీ తీసుకోం, సామాను ఖర్చే.

తాత కాలం జీపు ఉంది, తుక్కుకి వేయాల్నా?

దయచేసి వేయొద్దు. 50 ఏళ్ళు దాటి, అసలు రూపం పెద్దగా మార్చకుండా ఉంటే 2021 రూల్ ప్రకారం వింటేజ్ బండిగా రిజిస్టర్ చేసుకోవచ్చు, నంబర్‌లో వీఏ అని వస్తాది. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతాది. రోజూ తిప్పుకోవడానికి కుదరదు, ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోలుకి, రిపేర్లకి మాత్రమే. అప్పటిదాకా టైర్ల కింద ఇటుకలు పెట్టి, ట్యాంకులో పెట్రోలు తీసేసి, పైన టార్పాలిన్ గాలి ఆడేటట్టు కప్పండి. బిగించి కప్పితే లోపల చెమ్మకి నెలలోనే తుప్పు మొదలవుతాది.

మా పిల్లోడు ఇట్లాంటి బండి చేస్తానంటా ఉండాడు, యాడ మొదలుపెట్టాలి?

సైకిల్‌తో. పాత సైకిళ్ళు రెండు కొనిచ్చి విప్పి మళ్ళీ బిగించమనండి, బేరింగ్ గుండ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టి డబ్బాలో వేసుకోమనండి. తర్వాత అట్టముక్కలతో ఆకారం చేయమనండి, ఇనుము కొనేది ఆఖర్న. వెల్డింగ్ అద్దం లేకుండా మాత్రం ఒక్క నిమిషం కూడా చూడనీయొద్దు. ఆదివారం మధ్యాహ్నం మా షెడ్డు ఖాళీగా ఉంటాది, పెద్దోళ్ళు ఎవరైనా తోడొస్తే నేర్పిస్తా.